అత్తరు బుడ్డియు గుండెదడయు

చార్మినారునకు ఉత్తరముగా గుల్జారు హౌజు దాటి పత్తర్‌గట్టి వైపు సాయంకాలమున నడచువారికి కన్నులకంటె ముందుగా ముక్కు మేల్కొనును. బండ్ల పొగయు, కబాబుల సెగయు, జనసమ్మర్దపు చెమటయు కలిసిన ఆ గాలిలో నడుమనడుమ నొక్కొక్క అంగడి గుమ్మమునుండి గులాబి, మొగలి, వట్టివేరు, గంధము, ఊదు అను వాసనలు తేలివచ్చుచుండును. అత్తరు వర్తకుడు చిన్న బుడ్డి బిరడా విప్పి, గాజుపుల్లతో నొక చుక్క తీసి, కొనవచ్చినవాని ముంజేతిమీద రాచి, కొంతసేపు తాళి వాసన చూడుమనును. మేమొకనాడు అట్టి యంగడిలో నుండగా ఒక తల్లి వచ్చి, తన కూతునకు పరీక్షలు దగ్గఱపడినకొలది గుండెదడయు నిద్రలేమియు హెచ్చుచున్నవనియు, దానికి తగిన వాసన యేదైన నిమ్మనియు అడిగెను. వర్తకుడు తడుముకొనలేదు. “గులాబ్ తీసుకపోండి అమ్మా, దిల్‌కు సుకూన్ దొరుకుతది” అని చెప్పి యొక బుడ్డి కాగితమున చుట్టి యిచ్చెను. ఆమె వెల చెల్లించి వెడలిపోయెను.

ఆ మాట మమ్ము విడువలేదు. అది సరకు చెల్లించుకొనుటకు చెప్పిన మాటయా, లేక ఒకనాడు శాస్త్రముగా నుండి నేడు అంగడిమాటగా మిగిలిన దానియొక్క శేషమా? శాస్త్రమే యైనచో అందు నిజమెంత? నిజము కొంతయే యైనచో ఆ బుడ్డిని నమ్ముకొన్న బాలికకు కలుగు మేలెంత, కీడెంత? ఈ ప్రశ్నలు ఒక్క ఆ తల్లివి మాత్రమే కావు. మన యిండ్లలో దిగులు, బెంగ, గాభరా, గుండెదడ అను పేళ్లతో నడచుచున్న బాధను గూర్చి ఆలోచించు ప్రతి గృహస్థునివియు, ప్రతి గృహిణివియు. కావున పాతబస్తీ చరిత్రనే దీపముగా పట్టుకొని యీ విషయమును కొంత విచారింతము.

మొదట మాటను చూతము. అరబ్బీ భాషలో ‘ఇత్ర్’ అనగా సువాసన. మన ‘అత్తరు’ దానినుండి వచ్చినదే. ఆ భాషలోను పారసీకమునందును ‘అత్తార్’ అను పదమునకు సుగంధములమ్మువాడనియు, మందుదినుసులమ్మువాడనియు రెండర్థములును గలవు. సుగంధమును ఔషధమును ఒక్క చేతినుండియే వచ్చిన కాలపు గుర్తది. మనకును ఇది క్రొత్తగాదు. పచారి కొట్టులో కర్పూరమును కరక్కాయయు, జటామాంసియు జవ్వాదియు ఒక్క త్రాసులోనే తూగుచుండుట చదువరులెల్ల రెఱిగినదే.

హైదరాబాదు నగరము క్రీ. శ. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా చార్మినారును కట్టించుటతో వెలసినది. పదునేడవ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే దీనిని ‘బాగ్‌నగర’మని వ్రాసెను. ‘బాగ్’ అనగా తోట. చార్మినారు లేచిన నాలుగేండ్లకే, అనగా 1595 ప్రాంతమున, ఆ రాజే ‘దారుల్ షిఫా’ యను వైద్యశాలను కట్టించెను. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తుల గదులు. రోగులకు చికిత్సయు, విద్యార్థులకు యూనానీ వైద్యబోధయు నచ్చట జరుగుచుండెను. దారుల్ షిఫా యనగా స్వస్థతాగృహము. వైద్యశాల పోయి శతాబ్దములు గడచినను ఆ పేట నేటికిని ఆ పేరనే పిలువబడుచున్నది. పేరు నిలిచినంత సులభముగా పని నిలువలేదు.

యూనానీ వైద్యమునకు మూలస్తంభములైన వారిలో ఇబ్ను సీనా (980-1037) ముఖ్యుడు. ఆయన వైద్యమంతటికిని రచించిన మహాగ్రంథము కాక, గుండెకు సంబంధించిన మందులనుగూర్చి ప్రత్యేకముగా నొక చిన్న గ్రంథము వ్రాసెను. అందలి సిద్ధాంతము మనస్సునుగూర్చి మన విషయమునకు మిక్కిలి దగ్గఱైనది. గుండెయందు ‘రూహ్’ అను సూక్ష్మమైన ఆవిరివంటి ప్రాణపదార్థము పుట్టి దేహమంతట వ్యాపించుననియు, సంతోషమున నది విచ్చుకొనుననియు, భయమునను దుఃఖమునను లోనికి ముడుచుకొనుననియు వారి మతము. గుండెదడను వారు ‘ఖఫఖాన్’ అనిరి. ముడుచుకొన్న రూహును మరల విచ్చజేయు మందులకు ‘ముఫర్రిహ్’ అని పేరిడిరి. అనగా ఉల్లాసకరములు. గులాబి, గంధము, కుంకుమపువ్వు, కస్తూరి, అంబరు మొదలగు సుగంధములు ఆ వర్గమున చేరినవి. రూహు సూక్ష్మమైన ఆవిరి గనుక, దానికి ఆహారమును సూక్ష్మమైన ఆవిరియే కావలెననుట వారి తర్కము.

ఈ తర్కమును నేటి శరీరశాస్త్రము అంగీకరింపదు. అయినను ఇందు రెండు గుణములు గమనింపదగినవి. భయమును వారు దయ్యమునకో, గ్రహమునకో, పూర్వకర్మకో అప్పగింపక, శరీరమునకు వచ్చిన యొక స్థితిగా ఎంచి, దానికి మందు వెదకిరి. ఇది మొదటిది. ఆ మందును కొలతతో నిచ్చిరి. ఇది రెండవది. గంధమును పన్నీటిలో నానవేసి చక్కెరపాకముతో చేయు ‘ఖమీరా సందల్’ మొదలగు లేహ్యములను హకీము నాడిచూచి, రోగి తత్త్వము నెంచి, మాషాలలోను తులములలోను తూచి యిచ్చెడివాడు. దానితోపాటు ఆహారము, నిద్ర, వ్యాయామము వీనికిని నియమములు చెప్పెడివాడు. సువాసన వారి చికిత్సలో నొక భాగము మాత్రమే. తెలుగులో మనము నిత్యము వాడుకొను ‘మోతాదు’ అను మాట సైతము ఉర్దూద్వారా వచ్చినదే. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మా వ్యాసమంతయు దానిమీదనే ఆధారపడి యున్నది.

ఇక అత్తరు పుట్టుకనుగూర్చి లోకమున రెండు కథలు ప్రచారమున గలవు. గులాబిని బట్టీపట్టు విద్యను ఇబ్ను సీనాయే కనిపెట్టెనని యొకటి. కాని ఆయన పుట్టుటకు నూఱేండ్లకు ముందే, తొమ్మిదవ శతాబ్దమునందలి అల్ కిందీ పేరనున్న గ్రంథమున సుగంధద్రవ్యములను బట్టీపట్టు విధానములు వర్ణింపబడినవి. గులాబి అత్తరును నూర్జహాను కనిపెట్టెనని రెండవ కథ. జహంగీరు తన స్వీయచరిత్రలో ఆ గౌరవమును నూర్జహానునకు గాక ఆమె తల్లియైన అస్మత్ బేగమునకు ఇచ్చెను. వేడి పన్నీటిమీద తేలిన నూనెపొరను ఆమె గమనించి చేర్చెననియు, సలీమా సుల్తాన్ బేగము దానికి జహంగీరు పేరు పెట్టెననియు నందున్నది. ఒక గృహిణి తన కన్నులయెదుట నున్న గిన్నెను శ్రద్ధగా చూచుటవలన వచ్చిన విద్యను, లోకము రాణి ఖాతాలో వ్రాసికొన్నది. స్త్రీలు చేసిన పనికి ఇట్టి మఱపు మన చరిత్రలో నిది యొక్కటియే కాదు.

సుగంధవిద్య మహమ్మదీయులతో వచ్చినదనియు, అది వారి సొత్తనియు తలచువారు కొందఱున్నారు. శాసనములును గ్రంథములును వేఱుగా చెప్పుచున్నవి. వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున తన బృహత్సంహితలో గంధయుక్తి కొఱకు ఒక యధ్యాయమునే కేటాయించెను. పండ్రెండవ శతాబ్దమున కళ్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున గంధలేపనములను రాజోపభోగములలో చేర్చి వివరించెను. ఆ కళ్యాణి 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోని ఊరే. కాకతి గణపతిదేవుడు 1244-45లో సముద్రతీరమునందలి మోటుపల్లిలో వేయించిన అభయశాసనమున సుంకము చెల్లింపవలసిన సరకులలో గంధము, కర్పూరము, కర్పూరతైలము, పన్నీరు చేరియున్నవి. గోలకొండ సుల్తానుల పాలన ఆరంభమగుటకు రెండువందల యేండ్లకు పైబడిన నాటికే తెలుగు రేవులో పన్నీటికి పన్ను గలదు! రెడ్డిరాజైన కుమారగిరికి ‘కర్పూర వసంతరాయ’ బిరుదము. ఆయన వసంతోత్సవములకు సుగంధములను సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. బిజాపురమున రెండవ ఇబ్రహీము ఆదిల్‌షాహి (1580-1627) కొఱకు నిజాముద్దీన్ మహమూదు ‘ఇత్రె నౌరస్‌షాహి’ యను సుగంధగ్రంథమును పారసీకమున రచించెను. ఆ సుల్తాను మన మహమ్మదు కులీకి సమకాలికుడు. దక్కనునందు ఈ విద్య రెండు ఏఱుల కలయిక. ఇందు మాది, మీది యని గీత గీయుట నీటిమీద గీత గీయుటయే.

ఇంతటి ఘనచరిత్రలో ఒక లోపమును గలదు. దానిని దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. ఈ సుగంధములు ఎవరికి చేరినవి? అత్తరు చేయు పద్ధతిని చూచినచో సమాధానము తెలియును. కనౌజులో నేటికిని నడచుచున్న పాతపద్ధతి యిది. ‘దేగ్’ అను రాగికాగులో పూవులును నీరును పోసి, మూతను బంకమట్టితో మెత్తి, సన్నని మంట పెట్టుదురు. ఆవిరి వెదురుగొట్టముగుండా పోయి, చల్లని నీటితొట్టిలో నుంచిన ‘భప్కా’ యను పాత్రలోనికి దిగును. ఆ పాత్రలో ముందుగా పోసియుంచిన గంధపుతైలము పూవాసనను పట్టి నిలుపును. పాతబస్తీ అంగళ్ల అత్తరులలో పెక్కులు ఆ కనౌజునుండియే వచ్చుచుండును. ఊదు అస్సాము అడవులనుండియు వచ్చును. ఒక్క కిలో స్వచ్ఛమైన గులాబితైలమునకు మూడువేలనుండి అయిదువేల కిలోల రేకులు కావలెను. ఇట్టి వస్తువు దివాణములకును, జాగీరుదారుల దేవిడీలకును చేరెను గాని, మగ్గముకడ కూర్చున్నవానికిని, మూసీ యొడ్డున బట్టలుదుకుదానికిని చేరలేదు. భయము మాత్రము అందఱికిని సమానముగానే చేరెను. మన పేదయిండ్లలో గుండెదడకు దక్కినది సాంబ్రాణిపొగ, తాయెత్తు, దిష్టితీయుట.

1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. కాలక్రమమున దారుల్ షిఫా వైద్యశాలగా ముగిసెను. ఆసఫ్‌జాహీల పాలనలో యూనానీ మరల రాజాదరణ పొందినది. ఏడవ నిజాము కాలమున మక్కామసీదు ప్రక్కన లేచిన నిజామియా వైద్యశాల రాతికట్టడము నేటికిని రోగులతో కిటకిటలాడుచున్నది. 1920లో హకీము మహమ్మదు మొయిజుద్దీను ఫారూఖీ ‘జిందా తిలిస్మాత్’ అను మందును ఈ నగరముననే ఆరంభించెను. నీలగిరి తైలము ప్రధానముగా, కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, వాముపువ్వు కలిపిన ఆ ఎఱ్ఱని మందు జలుబునకును తలనొప్పికిని తెలుగునాట ఇంటింట వాడుకలోనికి వచ్చెను. చెట్టునూనె ఇంటిమందగుట ఈ నగరమునకు వింత కాదనుటకిది నిదర్శనము. కాని యది చుక్కల లెక్కతో, కాగితముమీద అచ్చువేసిన వాడుకతో వచ్చినది. అత్తరునకు ఆ లెక్క లేదు.

అత్తరు బుడ్డియొక్క గతి వేఱైనది. ఐరోపాలో 1868లో పెర్కిన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కూమరిన్ అను పరిమళపదార్థమును ప్రయోగశాలలో తయారుచేసెను. 1874లో వెనిల్లాయొక్క వాసనయు, 1893లో సంపెగవలె మృదువైన వయొలెట్ పూవు వాసననిచ్చు అయొనోనును అట్లే పుట్టినవి. అప్పటినుండి పూవులేని పూవాసన సాధ్యమయ్యెను. గంధపుచెట్లు తఱిగి తైలము ప్రియమైనకొలది, దానికి బదులుగా వెలతక్కువ ద్రవములు బుడ్డిలో చేరినవి. ఇందు వాసనకు లోపము లేకపోవచ్చును. పెండ్లిలో చల్లుకొనుటకు అది చాలును. కాని ‘గులాబి’ యని వ్రాసిన బుడ్డిలో గులాబి లేనప్పుడు, గులాబినిగూర్చి హకీములు చెప్పిన గుణమును ఆ బుడ్డికి అంటగట్టుట న్యాయము కాదు. ఈ విధముగా వైద్యుడు పోయెను, తూకము పోయెను, కొన్నిచోట్ల పూవును పోయెను. “దిల్‌కు సుకూన్” అను మాట మాత్రము మిగిలెను.

ఇప్పుడు నవీనశాస్త్రము ఏమనుచున్నదో చూతము. వాసనను గుర్తించు గ్రాహకముల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను ఇరువురు 1991లో కనుగొని, 2004లో నోబెల్ బహుమానము పొందిరి. తక్కిన యింద్రియముల వార్తలు మెదడులో ‘థాలమస్’ అను ద్వారముగుండా పోవలసియుండగా, ముక్కు వార్త ఆ ద్వారము కొఱకు వేచియుండక, భయమునకు కేంద్రమైన ‘అమిగ్డలా’ యను భాగమునకు దగ్గఱి దారిని చేరును. తల్లి చీరవాసన తగులగానే ఏడ్చు పసివాడు ఊరకుండుటయు, ఆసుపత్రివాసన తగులగానే పెద్దవాని గుండె జల్లుమనుటయు మనకనుభవమే. 2018లో జపానులోని కగోషిమా విశ్వవిద్యాలయమువారు లవెండరు పూవులలోని ‘లినలూల్’ అను పదార్థము యొక్క వాసనను ఎలుకలకు చూపి, వాని జంకు తగ్గుటను కనిపెట్టిరి. వాసన తెలియకుండ చేసిన ఎలుకలలో ఆ ఫలము కలుగలేదు. అనగా, ఎలుకల విషయమునైనను, పని జరిగినది ముక్కు దారినే.

మనుష్యులయందు జరిగిన పరీక్షలలో గట్టివి లవెండరు తైలమునకు సంబంధించినవే. అవి వాసన చూచుటవలన గాక, తైలమును మాత్రగా మ్రింగుటవలన జరిగినవి. జర్మనీలో ‘సైలెక్సన్’ అను పేరుగల శుద్ధిచేసిన లవెండరుతైలమును ఎనుబది మిల్లీగ్రాముల మాత్రలుగా చేసిరి. 2010లో ప్రకటింపబడిన యొక పరీక్షలో 77 మంది రోగులకు ఆఱు వారములు దీనినిగాని, లోరజిపామ్ అను వాడుకలోనున్న మందునుగాని యిచ్చి పోల్చగా రెండును ఇంచుమించు సమముగా మేలుచేసినవి. అయితే లోరజిపామును కొద్ది మోతాదులోనే యిచ్చిరని గమనింపవలెను. 2014లో ప్రకటింపబడిన పరీక్షలో 539 మందిని నాలుగు వర్గములుగా విభజించి పదివారములు చూచిరి. లవెండరుమాత్ర తీసికొన్న రెండు వర్గములవారికిని, వట్టిమాత్ర తీసికొన్నవారికంటె ఆందోళన ఎక్కువగా తగ్గెను. ఈ పరీక్షలలో పెక్కింటిని ఆ మందు చేయు కంపెనీయే చేయించినదనుటయు చెప్పవలసిన సత్యమే. అయినను, చెట్టునూనెకు ఆందోళనను తగ్గించు శక్తి కొంత గలదనుటను ఇప్పుడు వట్టి అంగడిమాటగా త్రోసివేయ వీలులేదు.

దీనిని విని వెంటనే వంటింటివైపు పరుగెత్తవలదు. లినలూల్ మన ధనియాల నూనెలో సమృద్ధిగా నున్నది, మల్లెపూవులలోను గలదు. కావున ధనియాలనీరు త్రాగినను, జడలో మల్లెలు తుఱుముకొన్నను భయరోగము కుదురునని యెవరైన చెప్పినచో అది శాస్త్రము కాదు. లెక్కించిన మాత్రలో లెక్కించిన దినములు ఇచ్చి చూచిన ఫలమును, లెక్కలేని పోపుగింజకు వర్తింపజేయరాదు. గులాబి మొదలగు వాసనలనుగూర్చియు పరీక్షలు జరిగినవి గాని, వానిలో పెక్కులు కొద్దిమందితో చేసినవి. వానికి స్వభావముచేతనే యొక చిక్కు గలదు. వట్టిమాత్రకును మందుమాత్రకును ఒకే రూపము నీయవచ్చును. కాని గులాబివాసనను గులాబివాసన కాదని యెవరిని నమ్మింపగలము? వాసన తగిలిన క్షణముననే రోగి తనకు మేలుకలుగునని ఆశించును. ఆ ఆశయే సగము పనిచేయును. మేలు వాసనదా, ఆశదా యని విడదీయుట కష్టము. హకీములనాడు ఈ చిక్కు గుర్తింపబడలేదు. నేడు గుర్తించియు పూర్తిగా విప్పజాలకున్నాము.

కీడునుగూర్చియు చెప్పవలెను. చెట్టునుండి వచ్చినదెల్ల సాధువని మనవారికొక నమ్మిక. కర్పూరము చెట్టునుండి వచ్చినదే, కాని చిన్నపిల్లలు కొంచెము మ్రింగినను మూర్ఛలు వచ్చుటయు, ప్రాణహాని కలుగుటయు వైద్యులెఱిగినదే. నీలగిరితైలమును పిల్లలు త్రాగినచో అట్టి ప్రమాదమే. చిక్కని తైలము చర్మముమీద బొబ్బలెక్కింపవచ్చును. ఉబ్బసము గలవారికి ఘాటైన వాసనయే ఆయాసము తెప్పింపవచ్చును. అంగడిలో పూతకొఱకు అమ్ము తైలమును ఎవరును లోనికి పుచ్చుకొనరాదు. జర్మనీ మాత్రయు పాతబస్తీ బుడ్డియు ఒక్కటి కావు.

కాని వీనియన్నిటికంటె పెద్దకీడు మఱియొకటి గలదు. అది బుడ్డిలో లేదు, మన సిగ్గులో నున్నది. బెంగళూరు నిమ్హాన్సు సంస్థ 2015-16లో దేశమున పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసిక వ్యాధితో నున్నట్లు తేలినది. వ్యాధినిబట్టి నూటికి డెబ్బదినుండి తొంబదిరెండుమంది వఱకు చికిత్స పొందుటలేదని తేలినది. కారణమేమి? వైద్యులు తక్కువ, ఖర్చు ఎక్కువ, నిజమే. కాని ఇంటిలోనివారి మాట యేమి? హైదరాబాదులో ‘ఎఱ్ఱగడ్డ’ యను పేటపేరు, అచ్చటి మానసిక వైద్యశాలవలన తిట్టుగా మాఱినది. ఎవడైన తిక్కగా మాటలాడినచో వానిని ఎఱ్ఱగడ్డకు పంపవలెనని నవ్వుదురు. ఏ వైద్యశాల పేరునైన తిట్టుగా వాడుకొను సమాజము రోగిని తలుపు దగ్గఱనే ఆపివేయుచున్నది. కడుపునొప్పికి వైద్యుని పిలుతుము. గుండెదడకు మాత్రము, ముఖ్యముగా ఆడపిల్లకైనచో, సంబంధము చెడునను భయమున ముందు దిష్టితీసి, తరువాత తాయెత్తు కట్టి, తరువాత అత్తరు కొని, తుదకు నిద్రాహారములు పోయి పిల్ల చిక్కిశల్యమైన పిమ్మట వైద్యుని తలంతుము. ఈ యాలస్యమునకు గులాబి నెపము కారాదు.

పాతవారినుండి మనము గ్రహింపవలసినది గులాబిని మాత్రమే కాదు. భయమును దోషముగా నెంచక రోగముగా నెంచిన వారి ధైర్యమును గ్రహింపవలెను. నాలుగువందల యేండ్లకు ముందు దారుల్ షిఫా ముంగిట ఖఫఖాన్‌తో వచ్చినవానికి నాడిచూచువాడుండెను. నేడు అదే నగరమున, అదే బాధతోనున్న చదువుకొన్న యింటి బాలిక, ఇరుగుపొరుగు వినకుండ తలుపు మూసికొని యేడ్చుచున్నదన్నచో, మన చదువును తిరిగి చూచుకొనవలసినదే. ప్రభుత్వము 2022 అక్టోబరులో ‘టెలి-మానస్’ అను ఉచిత సహాయమును ఆరంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే మాటలాడవచ్చును. నలుగురికి తెలియునను భయము గలవారికి ఇది మంచి మొదటి మెట్టు.

అయినచో అత్తరును పాఱవేయవలెనా? ఎంతమాత్రమును గాదు. సంధ్యవేళ గదిలో ఇంత గంధపుపొగ, పడక దగ్గఱ నాలుగు మల్లెలు, నుదుట చల్లని పన్నీరు, వీనితోపాటు ప్రక్కన కూర్చుండి చెప్పినది వినువారొకరు, ఇవన్నియు భయపడిన ప్రాణికి తోడు. తోడును తక్కువగా చూడరాదు. నిదానముగా ఊపిరి పీల్చి వాసన చూచుటలోనే కొంత నెమ్మది గలదు. కాని తోడు వేఱు, మందు వేఱు. మందునకు మోతాదు గలదు, గడువు గలదు, ఫలము చూచి మార్చు వైద్యుడు గలడు. పాతబస్తీ విద్యలో ఒకప్పుడు ఈ మూడును ఉండెను; అంగడికి వచ్చుసరికి జాఱిపోయినవి. గుండెదడ రెండువారములైనను తగ్గక, నిద్రను, తిండిని, చదువును, పనిని చెఱచుచున్నచో, అది తోడుతో తీఱునది కాదని యెఱుగవలెను. ప్రాణము తీసికొనవలెనను తలంపు వచ్చినచో రెండువారములు కాదు, ఒక్క పూటయు ఆగరాదు.

మరల మేము ఆ యంగడికి పోయినప్పుడు వర్తకుడు మా ముంజేతిమీదను ఒక చుక్క రాచెను. చల్లగా, తీయగా నుండెను. వానిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పలేదు. అతడు పెద్దలనుండి విన్నమాటను చెప్పెను. ఆ మాటలో నొకపాలు నిజమును గలదు. మిగిలిన పాలు చెప్పవలసినవారు అంగడిలో లేరు, ఇంటిలో నున్నారు. ఆ తల్లి కనబడినచో మేమిట్లు చెప్పియుందుము: “అమ్మా, బుడ్డి పిల్లకిమ్ము, మంచి వాసనే. ఆమె ప్రక్కన కూర్చుండి యేమి భయమో అడుగుము. రేపు ప్రొద్దున చేయి పట్టుకొని వైద్యునియొద్దకు తీసికొనిపొమ్ము. దారిలో ఎవరైన చూచినచో తల వంచుకొనవలదు.”